ఇంజను లేని విమానము – మీరరాని ఆదేశము

శ్రోతలారా, వేసవికాలమున మిట్టమధ్యాహ్నము చెరువుగట్టుపై నిలిచి తలయెత్తి చూచినవారికి పరిచితమైన దృశ్యమొకటి కలదు. గ్రద్ద యొకటి రెక్కలు చాచి, ఒక్కమారైనను వానిని ఆడింపక, వలయములు చుట్టుచు పైపైకి పోవుచుండును. ఎండకు కాగిన నేల తనపైనున్న గాలిని వేడిచేయును. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. ఆ లేచు గాలిలో చేరి గ్రద్దయు లేచుచుండును. ఈ రహస్యమును పక్షిని చూచి నేర్చిన మానవుడు ఇంజను లేని విమానమును కల్పించెను. దానిని గ్లైడరు అందుము. ఈ పూట మేము చెప్పదలచినది గ్లైడరు ఎగురు విధమును గూర్చి కాదు. అది ఎగురుటకు తగియున్నదని చెప్పువారెవరు, ఏ ఆధారముతో చెప్పుదురు, వారి మాట పెడచెవిని పెట్టినచో నేమగును అను విషయమును గూర్చి.

ముందుగా గ్లైడరు సంగతి కొంచెము తెలిసికొందము. జర్మనీ దేశస్థుడైన ఒట్టో లిలియెన్తాల్ పందొమ్మిదవ శతాబ్ది చివర కొండవాలులనుండి తన రెక్కలతో వేలకొలది పర్యాయములు గాలిలోనికి దూకి, చివరకు 1896 ఆగస్టులో అట్టి ప్రయత్నముననే క్రిందపడి మరణించెను. అమెరికాలో రైటు సోదరులు ఇంజను అమర్చుటకు పూర్వము 1900 మొదలు 1902 వరకు గ్లైడర్లతోడనే అభ్యసించిరి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సంధి షరతులవలన జర్మనీలో ఇంజను విమానములపై ఆంక్షలు ఏర్పడగా, అచటి యువకులు 1920లో వాసర్‌కుప్పె అను కొండపై చేరి ఇంజను లేని విమానములకు పోటీలు నడిపిరి. నాటినుండి ఈ విద్య దేశదేశములకు వ్యాపించెను. మన దేశమునను పూణె నగర సమీపమున హడప్సర్ వద్ద గ్లైడర్ల శిక్షణ కేంద్రము వెలసినది. మన పౌరవిమానయాన శాఖవారి సాంకేతిక కేంద్రము 1958లో ‘అశ్విని’, 1961లో ‘రోహిణి’ అను గ్లైడర్లను తయారుచేసి ఎగురవేసెను. నక్షత్రముల పేర్లు పెట్టుట ఎంత సముచితము!

గ్లైడరు తనంతట నేలవిడువజాలదు. నేలపైనున్న విన్చి యంత్రము పొడవైన త్రాటితో దానిని గాలిపటమువలె లాగి పైకెత్తును. లేదా ఇంజను విమానమొకటి త్రాటితో లాగికొనిపోయి తగిన యెత్తున విడిచిపెట్టును. అటుపై పైలటునకు తోడుగా నుండునవి రెక్కలు, చుక్కాని, చేతిలోని కర్ర, వెలుపలి గాలి మాత్రమే.

ఇది విని కొందరు, ‘ఇంజనే లేనప్పుడు చెడిపోవుట కేమున్నది? భయమును తక్కువే గదా!’ అనుకొనవచ్చును. ఒకవిధముగా ఆ మాట నిజమే. మంటలంటుకొనుటకు పెట్రోలు లేదు, ఆగిపోవుటకు యంత్రము లేదు. కాని మరియొక విధముగా చూడుడు. ఇంజను విమానమునకు గాలిలో ఇంజను ఆగినను రెక్కలు మిగిలియుండును. అప్పుడది గ్లైడరువలె జారుచు దిగుటకు యత్నింపవచ్చును. గ్లైడరునకు రెక్కయే సర్వస్వము. ఆ రెక్కను మొండెముతో కలుపు దూలము, బోల్టులు, కర్రనుండి రెక్క చివరి పలకవరకు పోవు కడ్డీలు, త్రాటిని పట్టి విడుచు కొక్కెము – వీనిలో ఏ యొకటి తప్పినను దానికి బదులు వచ్చునది సాధారణముగా మరియొకటి యుండదు.

ఆ రెక్కపై పడు బరువు ఎల్లప్పుడు ఒక్కటిగా నుండదు. విన్చి లాగునపుడు రెక్క పైకి వంగును. సుడిగాలి తాకినపుడు ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి ఊగును. పైలటు ఆకాశమున పల్టీలు కొట్టించినచో బరువు అనేకరెట్లు పెరుగును. నేలపై దిగునపుడు చక్రము గడ్డపై అదరినను ఆ అదురు రెక్కమూలమునకు చేరును. ఇట్లు దినమునకు పదులమార్లు, ఏండ్ల తరబడి జరుగును.

ఇచట మనము ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఇంటిలోని ఇనుపతీగ ముక్కను తీసికొని రెండుచేతులతో ఒక్కమారు వంచుడు. విరుగదు. అటునిటు పలుమార్లు వంచుచు పొండు. కొంతసేపటికి ఏ అదనపు బలమును ఉపయోగింపకయే అది పుటుక్కున విరుగును. మొదటి వంపునకును చివరి వంపునకును బలములో భేదము లేదు. లెక్కలో మాత్రమే భేదము కలదు. దీనిని ఇంజనీర్లు లోహపు అలసట అందురు. మనిషికి అలసట కలిగినచో నిద్రతో తీరును. లోహమునకు కలిగిన అలసట విశ్రాంతితో తీరదు. షెడ్డులో పది సంవత్సరములు కదలకుండ నుంచినను పడిన పగులు పడినట్లే యుండును. మరల ఎగిరిన దినమున ఆగినచోటినుండియే ముందుకు సాగును.

ఈ సత్యమును లోకము గట్టిగా గుర్తించినది 1954లో. బ్రిటనువారి కామెట్ జెట్ విమానములు రెండు ఆ సంవత్సరము జనవరిలోను ఏప్రిలులోను మధ్యధరా సముద్రముపై గాలిలోనే ముక్కలై 56 మందిని బలిగొనెను. ఫార్న్‌బరో పరిశోధకులు మరియొక కామెట్‌ను నీటితొట్టిలో నుంచి, ప్రయాణములలో కలుగు ఒత్తిడిని దాని దేహముపై వేలమార్లు కల్పించి చూచిరి. లోహము అలసి చీలిపోయెను. క్రొత్తదైనను, మెరయుచున్నను, కంటికి లోపము కానరాకున్నను విమానము లోపల వార్ధక్యము పొందుచుండవచ్చునని అందరికిని తెలిసివచ్చెను.

ఇపుడు గ్లైడర్ల కథకు వత్తము. చెకోస్లొవేకియా దేశమున కునోవిట్సె పట్టణములోని లెట్ కర్మాగారము ‘బ్లానిక్ ఎల్-13’ అను గ్లైడరును 1956లో మొదటిమారు ఎగురవేసెను. అంతకుముందు గ్లైడర్లు ఎక్కువగా కొయ్యతోడను, గుడ్డతోడను చేయబడినవి. ఇది లోహముతో చేసినది. ముందువెనుకలుగా ఇద్దరు కూర్చుండవచ్చును. వెనుక గురువు, ముందు శిష్యుడు. గట్టిది, ఓర్పుగలది, నేర్చువాని మొరటు చేతులను సహించునది. 2600కు పైగా తయారై లోకమున నలుమూలల క్లబ్బులకు చేరినవి. ఎన్ని దేశముల పిల్లలో ఆకాశపు ఓనమాలు దానియందే దిద్దిరి.

2010 జూన్ 12వ తేదీన ఆస్ట్రియా దేశమున ఫెర్లాక్ వద్ద ఎగురుచున్న బ్లానిక్ గ్లైడరొకదాని కుడిరెక్క మూలమున విరిగి దేహమునుండి విడివడెను. అందున్న ఇద్దరును మరణించిరి. విచారణకు పోయినవారు విరిగిన ప్రధాన దూలమును పరీక్షించి, లోహపు అలసటయే కారణముగా కనబడుచున్నదని తొలి నివేదికలో తెలిపిరి.

ఆ ప్రమాదము జరిగి వారము గడువకముందే ఐరోపా విమానయాన భద్రతాసంస్థ అత్యవసర ఆదేశము వెలువరించెను. బ్లానిక్ ఏ దేశమున నున్నను, ఎవరి సొత్తైనను, రెక్కమూలమున దూలమును భూతద్దముతో పరీక్షింపవలయును. పగులు కనబడినచో ఎగురరాదు. కొలది దినములలో రెండవ ఆదేశము వచ్చెను. ప్రతి గ్లైడరు తన జీవితములో ఎన్నిగంటలు ఎగిరెనో తెలిసిన చాలదు. ఎట్లు ఎగిరెనో కూడ లెక్కతీయవలయునని దాని సారాంశము. ఒంటరిగా నెమ్మదిగా ఎగిరిన గంటయు, ఇద్దరు కూర్చుండి పల్టీలు కొట్టిన గంటయు రెక్కకు ఒక్కటి కావుగదా! అటుపై మూడవది వచ్చెను. కంటితో చేయు పరీక్ష పగులును నమ్మకముగా పట్టుటకు చాలదని తేలినందున, ఈ జాతి గ్లైడర్లు ఎగురుటయే కూడదని అది శాసించెను. ఇతర దేశముల అధికారులును ఇట్టి ఆదేశములనే జారీచేసిరి. ఫెర్లాక్ పేరైనను వినని క్లబ్బుల షెడ్డులలో బ్లానిక్కులు తాళము క్రిందికి పోయినవి.

ఈ ఆదేశములు ఎట్లు నడచునో తెలిసికొనదగినది. 1944లో షికాగో నగరమున అనేక దేశములు కూడి పౌరవిమానయానమును గూర్చి ఒప్పందము చేసికొనెను. ఆ ఒప్పందమునకు ఎనిమిదవ అనుబంధము విమానముల గగనయోగ్యతకు సంబంధించినది. గగనయోగ్యత యనగా ఎగురుటకు తగియుండుట. విమానమును రూపకల్పన చేసిన దేశము దానిలో లోపము బయటపడినపుడు, తప్పనిసరిగా చేయవలసిన పనిని నిర్ణయించి, ఆ విమానములు నమోదైయున్న దేశములకు తెలుపవలయును. నమోదుచేసిన దేశము దానిని తనదిగా స్వీకరింపవలయును, లేదా పరిశీలించి తగినచర్య తీసికొనవలయును. మన దేశమున ఈ భారము పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయముపై నున్నది. తయారీదారు పంపు సూచనాపత్రము సలహాగా మొదలుకావచ్చును. ప్రభుత్వాధికారము దానికి ముద్రవేసినపుడు అది ఆదేశమగును. సలహాను యజమాని ఆలోచించి పాటింపవచ్చును. ఆదేశమును పాటింపని విమానమునకు ఎగురు హక్కు లేదు.

ఆదేశపత్రమును చూచినవారికి అది మిక్కిలి పొడిగా కనబడును. ఏ జాతి గ్లైడరు, ఏ సంఖ్య మొదలు ఏ సంఖ్య వరకు, కనబడిన లోపమేమి, దానివలన రాగల కీడేమి, చేయవలసిన పని యేమి, ఎంతకాలములోపల – ఇంతియే. ఒక విశేషణముండదు, ఒక నిట్టూర్పుండదు. కాని ఆ ‘ఎంతకాలములోపల’ అను పంక్తిని జాగ్రత్తగా చదువవలయును. కొన్ని పనులకు మాసములు గడువుండును. కొన్నింటికి ఇన్నిగంటలు ఎగురులోపల అని యుండును. కొన్నింటికి ‘తదుపరి ప్రయాణమునకు ముందు’ అని యుండును. ఈ చివరి మాట వచ్చినపుడు గ్లైడరు ఎచట నున్నదో అచటనే నిలువవలయును. వాతావరణము ఎంత అనుకూలముగా నున్నను, పోటీ రేపే యున్నను మారుమాట లేదు.

అన్ని ఆదేశములును లోహపు అలసటకు సంబంధించినవి కావు. గ్లైడరును రెక్కలు ఊడదీసి బండిలో పెట్టి రోడ్డుమీద కొనిపోవుట వాడుక. మైదానము చేరిన పిమ్మట రెక్కలు మరల తగిలింతురు. అపుడు కర్రనుండి రెక్కలోనికి పోవు కడ్డీలనుకూడ చేతితో కలుపవలయును. పెక్కు గ్లైడర్లలో ఈ కలయికకు లోటెలియే అను పేరుగల బంతియు గిన్నెయు అమరిన కీలు వాడిరి. బంతి గిన్నెలో పూర్తిగా కూర్చున్నదో లేదో చీకటిమూలలో వ్రేళ్లతో తడిమి తెలిసికొనవలయును. సగము కూర్చున్నను నేలపై కర్ర కదలును, పలక కదలును. గాలిలో బరువు పడినపుడు విడిపోవును. ఇట్టి ప్రమాదములు జరుగగా, ఆ కీలు విడివడకుండ సూదియో ఒరయో అదనముగా అమర్చవలయునని జర్మనీ అధికారులు 1990వ దశకమున ఆదేశించిరి. తరువాతి కాలపు గ్లైడర్లలో రెక్క తగిలించినంతనే కడ్డీలు తమంతట కలిసికొనునట్లు ఏర్పాటు వచ్చినది. ఎచట మనిషి మరువగలడో, అచట మరువకుండ చేయు సాధనమును కల్పించుట ఈ ఆదేశముల మరియొక ప్రయోజనము.

కొయ్య గ్లైడర్లకు వేరు చిక్కు. వాని ప్రాణము జిగురులో నున్నది. పాలవిరుగుడునుండి తీసిన కేసీను జిగురును పూర్వము వాడెడివారు. తేమ తగిలినచో దానికి బూజుపట్టి పట్టు సడలును. మన వర్షాకాలమునకు ఆ జిగురెంత జడియునో వేరుగా చెప్పనక్కరలేదు. కావున పైనున్న గుడ్డ ఎంత అందముగా మెరయుచున్నను, లోపలి అతుకులను తెరచి చూడుమని నియమము చెప్పును. త్రాటిని పట్టు కొక్కెమునకు మరియొక లెక్క. అది ఎన్నిగంటలు ఎగిరెనని కాదు, ఎన్నిమార్లు త్రాటిని పట్టి విడిచెనని చూడవలయును. ఒక్కొక్క భాగము ఒక్కొక్క విధముగా అరుగును. అరుగుటలోని ఆ తీరు తెలిసినవాడే నిజమైన మెకానిక్కు.

ఇట్లు ఆదేశము ఎంత దూరమునుండి వచ్చినను, అది చివరకు చేరునది ఒక షెడ్డులో చేతిదీపము పట్టుకొని వంగి చూచు ఒక మనిషి వద్దకు. అతడు చూచెను, చేసెను, లాగుబుక్కులో ఆదేశపు సంఖ్య వ్రాసెను, తేదీ వేసెను, సంతకము చేసెను. మరునాడు గ్లైడరులో కూర్చుండు బాలుడు ఆ సంతకమును చూడడు, దానిపైననే కూర్చుండును.

ఈ సందర్భమున మా స్వానుభవమొకటి చెప్పక తప్పదు. చాల ఏండ్లక్రిందట మేము పనిచేసిన యొక ప్రసారకేంద్రమున కరెంటు పోయినపుడు నడుపుటకు డీజిలు యంత్రమొకటి యుండెడిది. ప్రతి ఉదయము దానిని పదినిమిషములు నడిపి, బ్యాటరీ చూచి, పుస్తకములో సంతకము చేయవలయునని నియమము. పుస్తకమున ఒక్కదినమైనను ఖాళీ లేదు. వారమున కొకమారు పైవారు దానిని చూచి అడుగున సంతకము చేయవలయును. ఆ పైవారిలో మేమును ఒకరము. ఒకనాటి సాయంకాలము ప్రసారమధ్యమున కరెంటు పోయెను. యంత్రమును త్రిప్పిరి, కదలలేదు. బ్యాటరీ ఎండిపోయి ఎన్నిదినములైనదో ఎవరికిని తెలియదు. పదునాలుగు నిమిషములు మా కేంద్రము మూగవోయెను. ఉదయమున సంతకము చేసినవానిని అందరును నిందించిరి. అతడు మాత్రము మా వంక చూచి, ‘అయ్యా, తమరు కూడ సంతకము చేసితిరి గదా’ అనెను. ఆ మాటకు మా యొద్ద సమాధానము లేకపోయెను. మేము పుస్తకమును చూచితిమి గాని యంత్రమును చూడలేదు. మా తప్పునకు శ్రోతలు పదునాలుగు నిమిషముల నిశ్శబ్దమును మాత్రమే భరించిరి. అదే తప్పు గ్లైడరు షెడ్డులో జరిగినచో దానిని భరింపవలసినవారెవరో తలచుకొన్నపుడు నేటికిని మాకు సిగ్గును, భయమును కలుగుచుండును.

ఆదేశములపై ఫిర్యాదులు లేకపోలేదు. అవి న్యాయములేని ఫిర్యాదులును కావు. గ్లైడరు క్లబ్బులు ధనవంతుల సంస్థలు కావు. పలుచోట్ల విద్యార్థులు, చిన్న ఉద్యోగులు చందాలు వేసికొని ఒక పాత గ్లైడరును కొని, ఆదివారములు తామే కడిగి, తామే రంగువేసికొందురు. వారికున్న ఒక్క శిక్షణ గ్లైడరును ఒక కాగితము నిలిపివేసినపుడు క్లబ్బు తలుపులే మూతపడవచ్చును. బ్లానిక్ విషయమున ఇదియే జరిగెను. తరువాత రెక్కమూలమును బలపరచు మార్పులకు ఆమోదము లభించినది. వానిని చేయించిన గ్లైడర్లు మరల ఎగిరినవి. కాని ఆ వ్యయమును భరింపలేక మూలబడినవి ఎన్నో కలవు. ‘వేలలో ఒక్కటి విరిగినది, తక్కినవానిని ఏల శిక్షింతురు?’ అని వారడిగిరి.

ఈ ప్రశ్నకు మేము తోచినంత సమాధానము చెప్పెదము. విరిగిన ఆ గ్లైడరు తక్కినవానినుండి వేరైనదని ఎవరైనను నిరూపింపగలిగినచో వారి వాదము నిలుచును. అదే నమూనా, అదే లోహము, అదే దూలము. ముందుగా అలసినది ముందుగా విరిగెను. తక్కినవాని వరుసలో తరువాతిది ఏదియో తెలియదు. తెలియనపుడు ఎగురవేయుట ధైర్యముకాదు. ఇతరుల బిడ్డలతో ఆడు జూదము. అంతియేగాక, నిలిపివేయబడిన గ్లైడరును బాగుచేయవచ్చును, అమ్మవచ్చును, కాకున్న చందాలు వేసి మరియొకటి కొనవచ్చును. ఫెర్లాక్‌లో పోయిన ఇద్దరిని మరల తేజాలము. ఆ ఇద్దరి మరణము తక్కినవారికి హెచ్చరికగా మారినది ఆ కాగితమువలననే. దానిని చదువక చుట్టి సొరుగులో పెట్టినచో, వారు ఉత్తపుణ్యమునకు పోయినట్లే యగును.

అయినను అధికారులకు ఒక ధర్మము కలదు. ఆదేశించుటతో వారి పని తీరదు. లోపము ఎచటనో, పరీక్షించు విధమెట్టిదో స్పష్టముగా చెప్పవలయును; చాలని పరీక్షను చాలునని చెప్పరాదు; చాలదని తెలిసిన మరుక్షణము ఒప్పుకొనవలయును. బ్లానిక్ విషయమున మూడుమాసములలోపల తమ ఆదేశమును తామే రెండుమారులు దిద్దుకొనుట కొందరికి తడబాటుగా కనబడినది. మాకు అది నిజాయితీగా తోచుచున్నది. మొదట చెప్పినదే పట్టుకొని కూర్చున్నచో భూతద్దమునకు చిక్కని పగులుతో ఎన్ని గ్లైడర్లు ఎగిరెడివో!

శ్రోతలారా, మీలో గ్లైడరు ఎక్కినవారు అరుదుగా నుందురు. కాని ఈ వరుసకు చెందిన పనులు మన ఇండ్లలోను కలవు. వంటగ్యాసు రబ్బరుగొట్టముపై ముద్రించిన సంవత్సరము, బడిపిల్లల బస్సునకు వ్రేలాడు యోగ్యతాపత్రము, మేడమీది లిఫ్టు తనిఖీ కాగితము – ఇవియన్నియు ఎచటనో ఎవరికో కీడు జరిగిన పిమ్మట వ్రాయబడిన నియమములే. వానిని చూచుట వేరు, వాని వెనుకనున్న వస్తువును చూచుట వేరు. రెండవది చేయుడని మా విన్నపము.

వచ్చు వేసవిలో చెరువుగట్టుపై గ్రద్ద తిరుగునపుడు మీ పిల్లలకు దానిని చూపుడు. ఆ పక్షి దిగివచ్చి కొమ్మపై వ్రాలిన తరువాత ఏమి చేయునో కూడ చూపుడు. ముక్కుతో ఒక్కొక్క ఈకను దువ్వుకొని, చక్కబెట్టుకొని, అటుపై మాత్రమే మరల ఎగురును. దానికి ఆ పని నేర్పిన గురువు లేడు, ఆదేశించిన అధికారియు లేడు. మనము కల్పించిన రెక్కలకు మాత్రము ఆ పని మనమే చేయవలయును.